గిలెటిన్ గారికి వంద రూపాయల విన్నపం

మహారాజశ్రీ గిలెటిన్ గారి సముఖమునకు,
లోక్‌సభ, కొత్తఢిల్లీ.

అయ్యా,

ఇక్కడ మేం క్షేమం. మీ క్షేమం అడగక్కర్లేదు. మీకు ఏనాడూ జలుబు చేసినట్టు కూడా వినలేదు.

మీకు ఉత్తరం రాస్తున్నానంటే ఇంట్లో నవ్వారు. రక్షణమంత్రికి రాసుకో, లేకపోతే స్పీకరుకు రాసుకో అన్నారు. ఇద్దరూ పెద్దవాళ్ళే, కాదనను. కానీ బడ్జెట్ సమావేశాల్లో ఒక సాయంత్రం గడియారం ముల్లు అనుకున్న చోటికి రాగానే అందరి మాటా పక్కకు పోయి మీ మాటే చెల్లుతుంది. లోక్‌సభ నియమావళిలోని 208వ నియమం మీకిచ్చిన అధికారం అది. అప్పటిదాకా చర్చకు నోచుకోని పద్దులన్నిటినీ ఒక్క మూటగా కట్టి ఓటుకు పెడతారు. అవునన్న గొంతు పెద్దదిగా వినిపిస్తుంది, లక్షల కోట్లు పాసైపోతాయి. మంత్రులు మారారు, పార్టీలు మారాయి, భవనం కూడా మారింది. మీరు మాత్రం అలాగే ఉన్నారు. అందుకే అసలు అధికారి మీరేనని తేల్చుకుని మీకే రాస్తున్నాను.

తలలు నరికే పనికి మీ పుట్టింటివాళ్ళు 1977 తర్వాత మిమ్మల్ని వాడలేదు. 1981లో ఫ్రాన్సు మరణశిక్షనే ఎత్తేసింది. మీ పేరును ఇంగ్లండు పార్లమెంటు ఎరువు తెచ్చుకుంది, మేం అక్కణ్ణుంచి తెచ్చుకున్నాం. టెండరు లేదు, బేరం లేదు, విడిభాగాల కోసం ఎదురుచూపు లేదు. చెప్పిన గంటకు పనిచేస్తారు. రక్షణశాఖ తెప్పించుకునే సరుకంతా మీలాగే వేళకు వస్తే నేనీ ఉత్తరం రాసే అవసరమే ఉండేది కాదు.

ముందు మా ఊరి సంగతి ఒకటి చెబుతాను. నాలుగేళ్ళ కింద మంచినీళ్ళ బోరు మోటారు కాలిపోయింది. పంచాయతీ కొత్తది వేయించి 38 వేల రూపాయల బిల్లు పెట్టింది. గ్రామసభలో ఆ బిల్లు మీద రెండు గంటలు నడిచింది. ఎన్ని హెచ్‌పీ అన్నారు ఒకరు. చుట్టింది రాగి తీగా, అల్యూమినియమా అన్నారు ఇంకొకరు. ఒక ముసలమ్మ మాత్రం, నిలబడే ఓపిక లేక కూచునే, "అది సరేనయ్యా, పాత మోటారేదీ?" అంది. సర్పంచి నీళ్ళు నమిలాడు. మర్నాడు పొద్దున్నకి ఆ పాత మోటారు ఎక్కణ్ణుంచో వచ్చి పంచాయతీ ఆఫీసు అరుగు మీద కూచుంది. ఇప్పటికీ అక్కడే ఉంది. కోళ్ళు దాని మీదెక్కి నిద్రపోతాయి.

2025-26 సంవత్సరానికి రక్షణశాఖ బడ్జెట్ 6,81,210 కోట్ల రూపాయలు. ఆ ఏడాది కేంద్రం బడ్జెట్‌లో ప్రతి వంద రూపాయలకూ పదమూడు దాటి దానికే. కాగితం మీద భాగించి చూశాను, నిమిషానికి కోటీ 29 లక్షల పైచిలుకు తేలింది. మా ముసలమ్మ "పాత మోటారేదీ?" అనే లోపు 340 మోటార్ల ఖరీదు ఖర్చయిపోతుందన్నమాట.

ఇదంతా దుబారా అనడం లేదు. అందులో 1,60,795 కోట్లు పింఛన్లే, అది సైన్యంలో పనిచేసి వచ్చినవాళ్ళ కష్టార్జితం. జీతాలున్నాయి, తిండి ఉంది, పెట్రోలుంది. చైనా ఒక పక్క, పాకిస్తాన్ ఒక పక్క ఉన్న ఇంటికి తలుపులు గట్టిగానే ఉండాలి. ఈ డబ్బు ఎక్కువని కాదు, చాలడం లేదనేవాళ్ళున్నారు, వాళ్ళు నాకన్నా తెలిసినవాళ్ళు. నా గొడవల్లా ఎక్కువో తక్కువో తేల్చే మాట సభలో ఎవరు, ఎప్పుడు ఎత్తుతారన్నదే.

సభలో కాకపోయినా సంఘంలో ఎత్తిన రోజు ఒకటి ఉంది. 2018 మార్చిలో రక్షణశాఖ స్థాయీ సంఘం తన నివేదికలు సభ ముందు పెట్టింది. సంఘానికి అధ్యక్షుడు బి.సి. ఖండూరి, స్వయంగా మేజర్ జనరల్‌గా రిటైరైన మనిషి, అధికార పార్టీ సభ్యుడే. ఆ సంఘం ముందుకు వచ్చి సైన్యం ఉపప్రధానాధికారి లెఫ్టినెంట్ జనరల్ శరత్ చంద్ దాపరికం లేకుండా చెప్పాడు: మా సామగ్రిలో 68 శాతం పాతకాలానిది, అత్యాధునికమైనది 8 శాతమే, ఆధునికీకరణకు మీరిచ్చిన 21,338 కోట్లు ఇదివరకే ఒప్పుకున్న 29,033 కోట్ల బాకీలకే చాలవు అని. కొత్త సరుకు సంగతి దేవుడెరుగు, పాత వాయిదాలకే డబ్బు లేదన్నమాట. కొలువులో ఉన్న సైనికాధికారి ఇంతకన్నా ఎలా చెబుతాడు?

అదే వారంలో, మార్చి 14న, మీరు దిగారు. ఆ ఏడాది ఒక్క మంత్రిత్వశాఖ పద్దు మీద కూడా చర్చ జరగలేదు. ఆర్థిక బిల్లు, ద్రవ్య వినిమయ బిల్లు, సవరణలు, మొత్తం అరగంటలో అయిపోయాయి. ఆ 68 శాతం గురించి సభలో ఎవరూ పెదవి విప్పకుండానే రక్షణశాఖ నాలుగు పద్దులూ మూటలో కలిసిపోయాయి. సెప్టెంబరులో ఖండూరి గారి కుర్చీ కూడా మారింది.

నింద మీ మీదే వేసి ఊరుకోను. మీరు దిగిన వేళ సభ ఎలా ఉందో టీవీలో చూశాను. వెల్ నిండా ప్లకార్డులు. అందులో చాలా భాగం మా తెలుగువాళ్ళవే. తెలుగుదేశం, వైఎస్సార్ కాంగ్రెస్ ప్రత్యేక హోదా కోసం, టీఆర్ఎస్ రిజర్వేషన్ల కోసం. అన్నాడీఎంకే వాళ్ళు కావేరి కోసం, కాంగ్రెస్ వాళ్ళు పంజాబ్ నేషనల్ బ్యాంకు కుంభకోణం మీద. మా వాళ్ళ గొంతు గట్టిగా వినిపించినప్పుడు నేనూ మా వీధిలో చప్పట్లు కొట్టాను. హోదా రాలేదు, పద్దులు మాత్రం పోయాయి. ఆ ఏడాదికి ముందూ వెనకా కూడా ఇదే వరస: 2004, 2013, 2023. ఒకసారి ఈ పార్టీ అరుస్తుంది, ఇంకోసారి ఆ పార్టీ. అరుపులు ఎవరివైనా లాభపడేది మీరే. పిల్లీ పిల్లీ రొట్టె కోసం పోట్లాడుకుంటే తీర్పరి కోతికి దక్కినట్టు.

సభలో అడగకపోతేనేం, వెనక లెక్కలు తనిఖీ చేసే కాగ్ ఉన్నాడు, ప్రజా పద్దుల సంఘం ఉందంటారు. ఉన్నారు. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగాయని సామెత. ఆర్నెల్లకే మొరిగితే అదృష్టమనుకునే రోజులివి. అది కుక్క తప్పు కాదు, దాన్ని తీసుకెళ్ళి పొలిమేరలో కట్టేశారు. సియాచిన్ మీద ఉన్న జవాన్లకు 2015 నవంబరు నుంచి 2016 సెప్టెంబరు దాకా కొత్త బూట్లు అందలేదు, ఉన్నవాటినే మళ్ళీ వాడుకున్నారు. మంచు కళ్ళద్దాల కొరత 62 నుంచి 98 శాతం. ఈ సంగతి కాగ్ నివేదికగా పార్లమెంటుకు చేరేసరికి 2020 ఫిబ్రవరి వచ్చింది. ఆ మంచులో నిలబడ్డ కుర్రాళ్ళు ఈలోగా దిగి వచ్చేశారు, వాళ్ళ చోటికి ఇంకొకరు, వాళ్ళ చోటికి మరొకరు వెళ్ళారు. బూట్ల గురించి అడగాల్సింది 2016 మార్చిలో. అడిగితే దేశభద్రతకు వచ్చే ముప్పేమిటి? మన వాళ్ళ కాళ్ళు చల్లబడ్డాయన్న రహస్యం శత్రువుకు తెలుస్తుందనా?

మందుగుండు మీద 2017 జులైలో కాగ్ ఇచ్చిన లెక్క ఇంకా ఘాటుగా ఉంది. 152 రకాల్లో 61 రకాలు పది రోజుల యుద్ధానికి కూడా చాలవని తేల్చాడు. డోక్లాంలో చైనా సైన్యం ఎదురుగా నిలబడి ఉన్న రోజులవి. ఆ తర్వాత ఏమైందంటే, రక్షణ ఆడిట్ నివేదికలను వెబ్‌సైటులో పెట్టడం మానేశారు. జ్వరం వస్తే థర్మామీటరు అటక మీద దాచడం మా ఇళ్ళలోనూ ఉంది లెండి.

ఇక రఫేల్ యుద్ధవిమానాల దగ్గరికి వస్తే అది వ్యాకరణ సమస్య అయింది. 126 విమానాలు కొందామని 2007లో పిలిచిన టెండరు పక్కకుపోయి, 2016 సెప్టెంబరులో 36 విమానాలకు ఒప్పందం కుదిరింది. దాదాపు 59,000 కోట్లు. ధర ఎంత సబబని అడిగితే సీల్డు కవరులో సుప్రీంకోర్టుకు ఇచ్చారు. 2018 డిసెంబరు 14న తీర్పు వచ్చింది. అందులో ఒక వాక్యం: కాగ్ నివేదికను ప్రజా పద్దుల సంఘం పరిశీలించిందని. సంఘం అధ్యక్షుడు మల్లికార్జున ఖర్గే బిత్తరపోయారు, ఆ నివేదిక ఇంకా పుట్టలేదు! మర్నాడే ప్రభుత్వం కోర్టుకెళ్ళి, అయ్యా, మేం రాసింది జరిగిన పని కాదు, మామూలుగా జరిగే పద్ధతి, మీరు క్రియను భూతకాలంలో చదువుకున్నారు అని విన్నవించింది.

మా తెలుగు పంతులు గారు ఉండి ఉంటే ఎంత సంతోషించేవారో! భూత, భవిష్యత్, వర్తమానాలు కాకుండా మాకు తద్ధర్మార్థమని ఒకటుంది. సూర్యుడు తూర్పున ఉదయించును, ఆవు పాలిచ్చును. ఎప్పుడని అడగకూడదు, అది దాని ధర్మం. రక్షణ కొనుగోళ్ళ మీద పార్లమెంటు పరిశీలన అచ్చంగా తద్ధర్మార్థక క్రియ. సంఘం పరిశీలించును. సభ చర్చించును. మంత్రి సమాధానమిచ్చును. ఏ రోజున, ఏ గంటకు అంటే మాత్రం వర్తమానంలోనూ దొరకదు, భూతంలోనూ దొరకదు. చివరికి ఆ కాగ్ నివేదిక 2019 ఫిబ్రవరి 13న, పదహారో లోక్‌సభ ఆఖరి సమావేశాల ఆఖరి రోజున వచ్చింది. పాత బేరం కన్నా 2.86 శాతం తక్కువకే కొన్నారంది. ఏ ధర కన్నా ఏ ధర తక్కువో చెప్పే అంకెలు మాత్రం చెరిపేసి ఉన్నాయి.

మామూలు రోజున మామూలు ప్రశ్న అడగకపోతే కుంభకోణం ఒక్కటే చర్చగా మిగులుతుంది. ఇది నిన్నమొన్నటి జబ్బు కాదు. 1948లో కశ్మీరు యుద్ధం కోసం బాగుచేసిన పాత జీపులు 2,000 కొందామని లండన్‌లో హైకమిషనర్ కృష్ణ మెనన్ ఒప్పందం చేసుకున్నారు. వచ్చినవి 155, అవీ పనికిరానివి. దాన్ని విచారించిన సంఘానికి పెద్ద మా తిరుచానూరు మనిషి మాడభూషి అనంతశయనం అయ్యంగారు. 1955 సెప్టెంబరులో హోంమంత్రి పంత్ గారు ఆ కథ ముగిసిందన్నారు, తృప్తి లేనివాళ్ళు ఎన్నికల్లో తేల్చుకోమన్నారు. 1956 ఫిబ్రవరిలో మెనన్ మంత్రయ్యారు. మార్చిలో అయ్యంగారు స్పీకరయ్యారు. ఒకే ఇంట్లో రెండు పెళ్ళిళ్ళు! ఆ మరుసటి ఏడు మెనన్ గారికి దక్కిన శాఖ రక్షణశాఖే.

బోఫోర్స్ ఫిరంగుల బేరంలో జబ్బు తిరగబడింది. 1986లో 1,437 కోట్ల బేరం, 1987లో ముడుపుల మీద స్వీడిష్ రేడియో కబురు, సంయుక్త పార్లమెంటరీ సంఘం, ప్రతిపక్షాల బహిష్కరణ. లోక్‌సభలో అప్పుడు పెద్ద ప్రతిపక్షం 30 మంది ఎంపీల తెలుగుదేశమే కాబట్టి మా ఊళ్ళో చదువురానివాళ్ళకు కూడా ఆ ఫిరంగి పేరు నోరు తిరిగింది. ఆ తర్వాత సంతకం పెట్టాలంటే ప్రతి అధికారికీ చెయ్యి వణికింది. అంత పెద్ద ఫిరంగులకు మళ్ళీ విదేశీ ఒప్పందం కుదిరింది 2016లో. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, అవినీతికి భయపడి కొనడమే మానుకున్నారు. ముందు అడిగి కొన్నవాడికి తర్వాత సంతకం పెట్టడానికి అంత భయం ఉండదు.

జర్మనీలో ఒక ఏర్పాటుంది. సైన్యం కోసం రెండున్నర కోట్ల యూరోలు దాటిన ఏ కొనుగోలైనా సంతకానికి ముందు వాళ్ళ పార్లమెంటు బడ్జెట్ సంఘం ముందుకు వెళ్ళాలి. సంఘం తలూపితేనే బేరం. దానివల్ల జర్మనీ రహస్యాలన్నీ బజారున పడ్డాయని ఎవరూ అనలేదు. ఆ యంత్రాన్ని కూడా దిగుమతి చేసుకోమని అడిగేంత అత్యాశ నాకు లేదు. నేనడిగేది చాలా చవక.

ప్రతి ఏటా పద్దుల మీద కోత తీర్మానాలు వస్తాయి కదా. విధానమే తప్పనుకుంటే పద్దును ఒక్క రూపాయికి తగ్గించమంటారు. ఫలానా పనిలో దుబారా అనుకుంటే ఫలానా మొత్తం తగ్గించమంటారు. మూడోది నాకు నచ్చింది: ఒక ఫిర్యాదు వినిపించడానికి పద్దులో వంద రూపాయలు తగ్గించమని అడగడం. వంద నోటు మీద కూచుని సియాచిన్ బూట్ల గురించి మాట్లాడవచ్చు. మీరు దిగితే ఈ తీర్మానాలు కూడా నోరు తెరవకుండానే వీగిపోతాయి.

అందుచేత తమరు వచ్చే బడ్జెట్‌లో రక్షణశాఖ పద్దుల విషయంలో ఒక్క సాయంత్రం ఆలస్యంగా దయచేయవలసిందని ప్రార్థన. ఆ రోజు ఏ పార్టీ ప్లకార్డులైనా ఇంటి దగ్గరే వదిలి రమ్మని మా ఎంపీలకు నేను విడిగా రాస్తున్నాను. వాళ్ళు వింటారన్న నమ్మకం మీ మీద ఉన్న నమ్మకం కన్నా తక్కువే.

కోత తీర్మానం నెగ్గితే ప్రభుత్వమే పడిపోతుందంటారు గనుక ఎవరూ కంగారుపడనక్కర్లేదు, నెగ్గించమనడం లేదు. ఒకవేళ పొరపాటున నెగ్గినా సైన్యానికి నష్టం రాకూడదని ఈ ఉత్తరంతో పాటు వంద రూపాయల నోటు ఒకటి జతచేస్తున్నాను. చర్చ జరిగి తీర్మానాన్ని వెనక్కి తీసుకుంటే నోటు నాకు పంపనక్కర్లేదు, ఉంచుకోండి. ఏ పద్దు కింద జమకట్టారో మాత్రం ఒక కార్డు ముక్క రాయించగలరు. మా గ్రామసభలో ముసలమ్మ అడుగుతుంది.

ఇట్లు,
తమ విధేయుడు,
సబ్బు కొన్నా పన్ను కట్టే ఒక పౌరుడు