రిమోట్ పట్టినవాడి రంధి

తెలుగు ఇళ్లలో రాత్రి భోజనాలయ్యాక రోజూ ఆడుతున్న సినిమా పేరు ‘ఏం చూద్దాం’. రిమోట్ హీరో, పక్కనున్నవాళ్లంతా విలన్లు, ఇంటర్వెల్ లేదు, క్లైమాక్స్‌లో అందరూ నిద్రపోతారు. పదో ఇరవయ్యో పేర్లు చూసేసరికి, అంటే 60 నుంచి 90 సెకన్లలో, ప్రేక్షకుడికి విసుగొస్తుందని నెట్‌ఫ్లిక్స్ ఇంజనీర్లు 2015లో ఒక వ్యాసంలో రాసుకున్నారు. పాపం, వాళ్లకు మన ఓపిక తెలియదు. మనం ట్రైలర్ చూస్తాం, రేటింగ్ చూస్తాం, యూట్యూబ్‌లో రివ్యూ వింటాం, అదీ చాలక క్లైమాక్స్‌కు అర్థం చెప్పే వీడియో కూడా ముందే చూసి కూర్చుంటాం. పెళ్లి సంబంధానికైనా ఇంత వాకబు ఉండదు. ఇంతా చేసి సినిమా పెట్టాక, అరగంటకల్లా ఒక నిట్టూర్పు: ‘ఈమధ్య దేంట్లోనూ కొత్తదనం ఉండట్లేదండీ!’

కొత్తదనం సినిమాలో ఎంత ఉంటుందో, చూసేవాడి తెలియనితనంలో అంతకంటే ఎక్కువ ఉంటుంది. సాక్ష్యం కోసం దూరం పోనక్కర్లేదు. ‘ఖలేజా’ 2010లో థియేటర్లలో దెబ్బతింది. ‘అతడు’ తీసిన దర్శకుడు, మూడేళ్లుగా తెర మీద కనిపించని మహేష్‌బాబు. జనం టికెట్‌తో పాటు తమ ఊహలోని సినిమాను కూడా వెంట తెచ్చుకున్నారు. తెర మీద ఇంకేదో ఆడుతుంటే కోపమొచ్చింది. తర్వాత అదే సినిమా టీవీలో, ఛానెళ్లు తిప్పుతుంటే మధ్యలో ఎక్కడో తగిలింది. ‘అరె, దీన్నెలా వదిలేశాం!’ అన్నారు. 2025లో మళ్లీ విడుదల చేస్తే టికెట్ కొనుక్కుని వెళ్లారు. మధ్యలో దర్శకుడు కొత్తగా చేసిందేమీ లేదు. చూసేవాళ్ల నెత్తి మీది బరువు దిగింది, అంతే.

‘టైమ్ విలువైనది, చెత్త చూడలేం కదా’ అంటారు. నిజమే. కానీ థియేటర్లో పార్కింగ్‌కీ పాప్‌కార్న్‌కీ డబ్బు కట్టి, వరస మధ్యలో ఇరుక్కున్నవాడు ఆ మాటంటే అందం. ఇంట్లో నచ్చకపోతే ఇరవై నిమిషాలకు ఆపేయొచ్చు, లేచి ఎవరి కాళ్లూ తొక్కనక్కర్లేదు. నష్టం అతి చవగ్గా దొరికే చోటే మనకు జాగ్రత్త ఎక్కువ. పైగా ఆ ఇరవై నిమిషాలు మిగల్చడానికి నలభై నిమిషాలు వెతుకుతాం.

‘మరి నెట్‌ఫ్లిక్స్ వాళ్ల సిఫారసుల యంత్రం చెప్పకపోతే చిన్న సినిమాల సంగతి తెలిసేదా?’ అన్నది ఇంకాస్త గట్టి ప్రశ్న. 2021లో నెట్‌ఫ్లిక్స్‌లోనే వచ్చిన ‘సినిమా బండి’ అలాగే చాలా ఇళ్లకు చేరి ఉంటుంది, కాదనను. ఆటోలో ఎవరో మరిచిపోయిన కెమెరాతో ఆ ఆటో డ్రైవర్ సినిమా తీయబోవడం కథ. పోస్టర్ మీద ఒక్క స్టార్ ముఖం లేదు కాబట్టి ఎవరికీ అంచనాల్లేవు, కాబట్టే అంత హాయిగా నవ్వొచ్చింది. అయితే యంత్రం కోరిక వేరు. ప్రేక్షకుడు ఏ సినిమాకు ఎన్ని చుక్కలిస్తాడో పదిశాతం మెరుగ్గా జోస్యం చెప్పినవాళ్లకు పది లక్షల డాలర్లు ఇస్తామని ఆ కంపెనీ 2006లో పోటీ పెట్టి, 2009లో ఇచ్చేసింది. ఒక చుక్క ఇస్తాడనుకున్న సినిమాకు మీరు మురిసిపోయి ఐదిచ్చారనుకోండి, ఆ లెక్కల్లో మీ ఆనందం పొరపాటు కింద జమవుతుంది.

అలాగని నేరమంతా యంత్రం మీదికి నెట్టడం అన్యాయం. అనుకోకుండా ఒక మంచి సినిమా చూసినవాడు చేసే మొదటి పని, ‘చివర్లో ట్విస్ట్ అస్సలు ఊహించలేరు’ అని కుటుంబం గ్రూపులో పెట్టడం. ఇక చుట్టాలంతా టైటిల్స్ దగ్గర్నుంచే ఊహించడం మొదలెడతారు. నెట్‌ఫ్లిక్స్ 2021లో ఒక బటన్ కూడా ఇచ్చి చూసింది: నొక్కితే చాలు, ఏదో ఒకటి తనంతట తనే మొదలవుతుంది. వాడేవాళ్లు తక్కువని 2023లో తీసేసింది. దాని రేటింగ్ ఎంతో ముందే చెప్పి ఉంటే నొక్కేవాళ్లమేమో.