ట్యాబొచ్చింది, చదువొచ్చినట్టే!

మన ప్రాథమిక బడికి చదువు ఎప్పుడూ అట్టపెట్టెలోనే వస్తుంది. 1975 ఆగస్టులో ‘సైట్’ ప్రయోగం పేరిట అమెరికా ఉపగ్రహం మీదుగా ఆరు రాష్ట్రాల్లోని 2,400 పల్లెలకు టీవీ వచ్చింది. ఆంధ్రప్రదేశ్ పల్లెలూ అందులో ఉన్నాయి. పొద్దున బడిపిల్లలకు, సాయంత్రం పెద్దలకు కార్యక్రమాలు. ఏడాదికి ప్రయోగం ముగిసింది, ఉపగ్రహం తన దారిన తాను పోయింది. తర్వాత కంప్యూటర్ గది వచ్చింది, దాని వెంటే తాళమూ వచ్చింది. ఇప్పుడు స్మార్ట్ టీవీ, ట్యాబు దిగాయి. పెట్టె మారినప్పుడల్లా చదువొచ్చేసిందని రిబ్బన్ కత్తిరించే ఆచారం మాత్రం మారలేదు.

ఈసారి ఒక తేడా ఉంది. పరికరాన్ని ఊరికే వాడొద్దట, ‘ప్రయోజనాత్మకంగా’ వాడాలట. గదిని నాలుగు మూలలు చేయాలట. ఒక మూల పుస్తకాలు, ఒక మూల ఆటవస్తువులు, ఒక మూల టీచరు, నాలుగో మూల డిజిటల్. పిల్లలు బృందాలుగా ఇరవై నిమిషాలకోసారి మూల మారాలి. వినడానికి ఎంత బాగుందో! ఒకే గది, ఒకే పంతులు, అయిదు తరగతులు ఉన్న బడిలో ఒక మూల బియ్యం బస్తాలు, ఇంకో మూల గుడ్ల అట్టలు, మరో మూల విరిగిన బెంచీలు ఎప్పుడో కాపురం పెట్టేశాయన్న సంగతి మాత్రం ఈ మూలల పద్ధతి చూపే ఏ స్లైడులోనూ ఉండదు.

సరే, మిగిలిన ఆ డిజిటల్ మూల దగ్గర పావుగంట కూర్చుని చూడండి. ట్యాబు ఒకటి, పిల్లలు ఆరుగురు. తలకాయలు ఆరు, వేలు ఒకడిది. తెర మీద ప్రశ్న: 36లోంచి 18 తీసేస్తే ఎంత? కింద నాలుగు జవాబులు. వేలు గల మారాజు ప్రశ్న చదవడు. మొదటిది నొక్కుతాడు, ఎరుపు. రెండోది, ఎరుపు. మూడోది, పచ్చ! చప్పట్లు మోగుతాయి, నక్షత్రాలు రాలతాయి, ఏనుగు బొమ్మ గంతులేస్తుంది. వాడికి తీసివేత రాలేదు గానీ ఏనుగును గంతులేయించే విద్య పట్టుబడింది. వెనక కూర్చున్న పిల్ల వేళ్లు మడిచి లెక్కపెట్టి ‘పద్దెనిమిది రా’ అని ముందే చెప్పింది. ఆ మాట ట్యాబుకు లెక్కలోకి రాదు. సాయంత్రానికి డ్యాష్‌బోర్డు మీద ‘పాఠం పూర్తి, 100 శాతం’. పై ఆఫీసులో పండగ.

పరికరాన్ని ప్రయోజనాత్మకంగా వాడటం మన విద్యాశాఖకు చేతకాదని ఎవరన్నారు? ఆంధ్రప్రదేశ్‌లో మరుగుదొడ్ల ఫోటోలు తీసి యాప్‌లో ఎక్కించే పనిని టీచర్లకు అప్పజెప్పారు. 2022 ఆగస్టులో వాళ్ల హాజరుకు ముఖ గుర్తింపు యాప్ తెచ్చారు. ఏం కావాలో, ఏ వేళకు కావాలో, ఎవరు చూస్తారో, అందకపోతే ఎవరి మెడకు చుట్టుకుంటుందో అంతా తేలాకే ఆ యాప్‌లు బడిలో అడుగుపెట్టాయి. మరుగుదొడ్డికి దక్కిన ఈ స్పష్టత తీసివేతకూ దక్కితే పిల్లలు ధన్యులు.

మూలల చదువు ఏదో విదేశీ విద్య అనుకునేవారికి ఒక కబురు. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ స్కూలు వారి గ్రామీణ బడుల్లో అలాంటిదే దశాబ్దాలుగా నడుస్తోంది, కరెంటు బిల్లు లేకుండా. నిచ్చెన పటం మీద తన మెట్టు ఏదో పిల్ల తానే చూసుకుంటుంది. అరలోంచి ఆ మెట్టు బొమ్మ గుర్తున్న కార్డు తీసుకుంటుంది. దాని ప్రకారం ఏ బృందంలో కూర్చోవాలో తెలుసుకుంటుంది. ఒక బృందానికి పంతులు సాయం, ఒకదానికి తోటివాళ్ల సాయం, ఒకటి సొంతంగా. తమిళనాడు అధికారులు వచ్చి చూసి వెళ్లి తమ రాష్ట్రమంతా అమలు చేసుకున్నారు. పక్కనే ఉన్న మనం ట్యాబులకు ఆర్డరిచ్చాం. అక్కడ ముందు మెట్టు పుట్టింది, తర్వాత కార్డు. ఇక్కడ ముందు టెండరు, తర్వాత పాఠం.

యంత్రం మీద నాకేం పగ లేదు. దిల్లీలో మైండ్‌స్పార్క్ అనే సాఫ్ట్‌వేర్‌తో నడిచిన కేంద్రాల మీద ఆర్థికవేత్త కార్తీక్ మురళీధరన్ బృందం చేసిన అధ్యయనంలో కంప్యూటర్ పాఠాలతో పిల్లల లెక్కలు బాగా మెరుగయ్యాయి. ఆ సాఫ్ట్‌వేర్ పిల్లవాడి తరగతిని కాక, వాడికి వచ్చిందేమిటో చూసి అక్కణ్నుంచి ప్రశ్నలిచ్చింది. పైగా 45 నిమిషాలు తెర ముందు గడిపితే, మరో 45 నిమిషాలు చిన్న బృందంగా మనిషి దగ్గర. పెరూ దేశం మాత్రం పిల్లలకు లాప్‌టాప్‌లు పంచేసి చేతులు దులుపుకుంది. 319 పల్లె బడుల్లో జరిపిన అధ్యయనం 2012లో తేల్చిందేమంటే, లెక్కల్లోనూ భాషలోనూ తేడా కనబడలేదు.

కాబట్టి తర్వాతి లారీ దించుకునే ముందు అధికారులకే ఓ చిన్న పరీక్ష పెడదాం. మూడో తరగతి పిల్ల ఈ ట్యాబుతో ఇరవై నిమిషాల్లో ఏం నేర్చుకుంటుంది? అది పలకతోనో కార్డుతోనో ఎందుకు రాదు? వచ్చిందో లేదో పంతులుకు ఎలా తెలుస్తుంది? మూడింటికీ ఒక్కో వాక్యంలో జవాబు రాసినవారే టెండరు మీద సంతకం పెట్టాలి. ఆప్షన్లు మాత్రం ఇవ్వకూడదు. ఇస్తే పచ్చ వెలిగేదాకా వాళ్లూ నొక్కుతూనే ఉంటారు, మన డబ్బుతో.