సముద్రపు గాలికి అదనపు ఛార్జీ

విశాఖపట్నంలో సముద్రం పక్కన బిల్డర్లు అమ్మేది ఫ్లాటు కాదు, గాలి. ఒకే అంతస్తులో, ఒకే కొలతలతో, ఒకే మేస్త్రి కట్టిన రెండు ఫ్లాట్లలో నీళ్లు కనిపించేదానికి చదరపు అడుగు ధర ఎక్కువ. ఎందుకండీ అంటే సీ ఫేసింగ్ సార్, బంగాళాఖాతం నుంచి గాలి నేరుగా మీ హాల్లోకే అంటారు. సరే, గాలికి డబ్బు కట్టాం. అదే బంగాళాఖాతం నుంచి, అదే హాల్లోకి, అదే గాలి కాస్త తొందరగా వచ్చిందనుకోండి, అప్పుడది బిల్డరు సరుకు కాదు, దైవఘటన. ఒప్పంద పత్రం చివరి పేజీల్లో, భూతద్దంతో తప్ప కనపడని అక్షరాల్లో ఆ పంపకం జరిగిపోయి ఉంటుంది: పిల్లగాలి కంపెనీది, పెనుగాలి భగవంతుడిది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చి భగవంతుడి వాటా చూపించి వెళ్లింది. విమానాశ్రయం పైకప్పు చిరిగింది. అద్దాల ముఖాలున్న భవనాలు మధ్యాహ్నానికి ముఖాలు లేకుండా నిలబడ్డాయి. ఆ తర్వాత ఈ తీరంలో ఫ్లాట్ల అమ్మకంలోకి ‘సైక్లోన్ ప్రూఫ్’ అనే మాట ధైర్యంగా దిగింది. రుజువేమిటంటే, మా బిల్డింగు పడలేదు కదండీ అంటారు.

నిజమే, పడలేదు. కాంక్రీటు పిల్లర్ల మీద లేచిన ఇల్లు గాలికి పడిపోవడం అరుదు, దాని బరువే దాన్ని కాపాడుతుంది. కానీ పిల్లర్లో కాపురం చేసేవాళ్లెవరు? కిటికీలు ఊడి, ముఖానికి అంటించిన అల్యూమినియం రేకులు పక్క వీధిలోకి ఎగిరి, ఫాల్స్ సీలింగ్ సోఫా మీదకు దిగి, పడకగదిలో వాన కురిశాక, ‘ఒక్క పిల్లరు కదల్లేదండీ’ అని చెప్పుకోవడం, పెళ్లికొడుకు పారిపోయాక పందిరి రాటలు గట్టిగా ఉన్నాయని మురిసిపోవడమే.

ఇంకో వాదన ఉంది: ఇంత గాలి వస్తుందని ఎవరు ఊహించారండీ? ఎవరో ఊహించారు. ఊహించి అచ్చు కూడా వేశారు. కట్టడాల మీద గాలి తాకిడికి సంబంధించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం. అందులో విశాఖపట్నానికి ఇచ్చిన ప్రాథమిక గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఆ సంఖ్య 1987 నాటి పుస్తకంలోనే ఉంది. హుద్‌హుద్ వేగం కూడా రమారమి అంతే. పాపం, ఇరవై ఏడేళ్ల ముందే కబురు పెట్టి వచ్చిన చుట్టాన్ని పట్టుకుని చెప్పాపెట్టకుండా వచ్చాడంటున్నాం.

ఆ పుస్తకంలోదే ఒక లెక్క చూడండి. గాలి వేగం రెండింతలైతే తాకిడి రెండింతలు కాదు, నాలుగింతలు. సెకనుకు 50 మీటర్ల గాలి ప్రతి చదరపు మీటరు మీద సుమారు 150 కిలోల బరువులా నొక్కుతుంది. బ్రోషర్లో నవదంపతులు కాఫీ కప్పులతో ఆనుకుని నిలబడే స్లైడింగ్ అద్దం ఉంటుంది చూశారూ, ఎనిమిదడుగుల వెడల్పు, ఆరడుగుల ఎత్తుది, దాని మీద పడేది ఆరు వందల కిలోల పైమాటే. పై అంతస్తులకు పోయేకొద్దీ ఇంకా ఎక్కువ. ఆ అద్దాన్ని గోడకు పట్టి ఉంచేది నాలుగు స్క్రూలు, కాస్త సిలికాన్, కొన్నవాళ్ల పూర్వజన్మ సుకృతం.

అద్దం పగలడంతో కథ అయిపోదు, మొదలవుతుంది. లోపలికి దూరిన గాలి బయటికి దారి లేక కప్పును కిందినుంచి తోస్తుంది. కప్పు మీదుగా పోయే గాలి దాన్ని పైనుంచి పీలుస్తుంది. స్లాబు అయితే ఓర్చుకుంటుంది. టెర్రస్ మీద అసోసియేషన్ వాళ్లు ముచ్చటపడి వేయించుకున్న రేకుల షెడ్డు ఓర్చుకోదు. రేకుకు ఎన్ని హుక్ బోల్టులు పడ్డాయో ఎవరూ లెక్కపెట్టరు. పైన నాలుగు ఇటుకలు పెట్టించి నిశ్చింతగా నిద్రపోతారు. ఆ ఇటుకలు రేకును ఆపలేవు, ఎదురింటివాళ్ల కిటికీని మాత్రం గురి తప్పకుండా కొడతాయి.

అలాగని మన జనం గాలి గురించి ఆలోచించరంటే తప్పు. ఆలోచిస్తారు, కాకపోతే ఇంజనీరుతో కాదు. వాస్తు ప్రకారం వాయుదేవుడికి వాయవ్య మూల రాసిచ్చాం. పాపం ఆయన ఆ మూల సర్దుకుని ఉంటాడని మన నమ్మకం. తుపాను గాలేమో సుడి తిరుగుతుంది. కన్ను ఊరి మీదుగా దాటితే ముందు ఒక దిక్కు నుంచి కొట్టి, కాసేపు ఊపిరి తీసుకుని, ఆ తర్వాత ఎదుటి దిక్కు నుంచి కొడుతుంది. ఆ మధ్య విరామంలో ‘తగ్గిందిరా’ అంటూ జనం వీధిలోకి రావడం తీరమంతా తెలిసిన ప్రమాదమే. అష్టదిక్కుల్లో తిరిగే దేవుణ్ణి ఒక మూల కూర్చోబెట్టి, గుమ్మం రెండంగుళాలు జరపడానికి గోడ పగలగొట్టించే ఇంటాయన, కిటికీ అద్దం ఎన్ని మిల్లీమీటర్లు అని మాత్రం ఒక్కసారీ అడగడు.

వాస్తు పేరెత్తకుండా గాలితో సంధి చేసుకున్నవాళ్లు ఇక్కడే ఉండేవారు. ఉత్తరాంధ్ర తీరంలో చుట్టిళ్లు కట్టారు: గుండ్రటి మట్టి గోడ, శంకువు లాంటి తాటాకు కప్పు, చూరు దాదాపు నేలను తాకుతూ. గాలి పట్టుకోవడానికి మూల లేదు, ఎత్తి లాగడానికి చూరు దొరకదు. మూలే లేకపోతే ఈశాన్యం ఎక్కడ, వాస్తు పండితుడికి సంభావన ఎక్కడ! అయితే చుట్టిల్లును నెత్తిన పెట్టుకుని ఊరేగనక్కర్లేదు. 1977 నవంబరు 19న దివిసీమ మీద పడింది గాలి ఒక్కటే కాదు, ఉప్పెన కూడా. వేలమంది పోయారు. నీళ్లకు గుండ్రం, చదరం తేడా ఉండదు. ఎత్తుగా, గట్టిగా కట్టిన తుపాను షెల్టర్లు ఆ పాఠంతోనే వచ్చాయి.

ప్రభుత్వ ప్రమాణం కూడా తక్కువ తినలేదు. 2015లో ఐఎస్ 875ను సవరించినప్పుడు, తూర్పు తీరంలో సముద్రానికి 60 కిలోమీటర్ల లోపు కట్టడాల కోసం గాలి వేగాన్ని పెంచి లెక్కించే గుణకం పెట్టారు. ఆసుపత్రులకు, తుపాను షెల్టర్లకు 1.30. పరిశ్రమలకు 1.15. మిగతావాటికి 1. మిగతావాటిలోనే మీరూ నేనూ మన పిల్లలూ ఉన్నాం. ఫ్యాక్టరీలో యంత్రం మీద ఉన్న దయ పడకగదిలో మనిషి మీద లేదు. అయినా ఆ 1కి తగ్గట్టు కట్టినా చాలు. దానికీ గతిలేకే కదా ప్లాను మీద సంతకం ఒకరిది, సైటులో నిర్ణయం సెంట్రింగ్ మేస్త్రిది.

ఫ్లోరిడా వాళ్లు 1992లో ఆండ్రూ హరికేన్ దెబ్బ తిన్నాక మాటల మీద నమ్మకం పోగొట్టుకున్నారు. మయామీలో ఫిరంగి లాంటి యంత్రంతో నాలుగు కిలోల చెక్క దుంగను గంటకు 55 కిలోమీటర్ల వేగంతో కిటికీ మీదకు పేలుస్తారు. దుంగ లోపలికి దూరకూడదు. ఆ తర్వాత అదే కిటికీని వేలసార్లు నొక్కి, లాగి చూస్తారు. అప్పటికీ ఊడకపోతేనే పాసు.

ఈ పద్ధతి మన బీచ్ రోడ్డు షోఫ్లాట్లలో పెట్టొచ్చు. ప్రారంభోత్సవానికి గుమ్మడికాయ ఎలాగూ కొడుతున్నారు, దాంతోపాటు ఆ దుంగ కూడా. ముహూర్తం పంతులుగారు చూస్తారు. కొనేవాళ్లం వీధిలో దూరంగా, గొడుగులు వేసుకుని నిలబడతాం. సైక్లోన్ ప్రూఫ్ అన్న బిల్డరుగారు మాత్రం సకుటుంబంగా, కిటికీకి లోపలివైపు, ఆ సీ ఫేసింగ్ సోఫాలోనే కూర్చోవాలి.