శివశంకరీ, స్టాండూ, సోనామసూరీ

గొంతు మీద నమ్మకం లేనివాడు ముందు మైకు కొంటాడు. మైకు వచ్చాక కూడా గొంతు అలాగే ఉంటే స్టాండు మారుస్తాడు. నేను ఆ రెండో దశలో చాలాకాలంగా ఉన్నాను.

ఉండేది మస్కట్‌లో. పాడేది ఘంటసాల పాటలు. అందులోనూ సులువైనవి నాకు ఆనవు. పట్టుకున్నది 1961 నాటి ‘జగదేకవీరుని కథ’లో శివశంకరీ. సినిమాలో ఆ పాటకు రాయి కరుగుతుంది. మా ఇంట్లో స్టాండు కరిగింది. పల్లవిలో నోటికి ఎదురుగా ఉన్న మైకు చరణానికి గడ్డం దగ్గరికి, స్వరాలు అందుకునేసరికి బొజ్జ దగ్గరికి దిగిపోయేది. దానితోపాటు నేనూ వంగుతూ, చివరికి ఎవరికో పాదాభివందనం చేస్తున్న భంగిమలో పాట ముగించేవాణ్ణి.

నిజానికి వేదికల మీద కనిపించే షూర్ ఎస్ఎమ్58 లాంటి మైకు తూగేది దాదాపు 300 గ్రాములే. దాన్ని ఏ చవక స్టాండయినా మోస్తుంది. ఇక్కడి కుర్రుమ్‌లో 2011లో తెరిచిన రాయల్ ఒపేరా హౌస్ ముందు ఊరికే కారు నెమ్మదించే మనిషిని కదా, నాకది ఆనుతుందా? పెద్ద కండెన్సర్ మైకు తెప్పించాను. దాన్ని వేలాడదీసే రబ్బరు తాళ్ల చట్రంతో కలిపి ముప్పావు కిలో. దాన్ని అడ్డకడ్డీ చివర బిగించి, కడ్డీని బారెడు బయటికి లాగాను. దూరం రెట్టింపయితే కీలు మీద పడే భారమూ రెట్టింపవుతుందని తొమ్మిదో తరగతిలో చెప్పారు. ఆ రోజు నేను బడికి వెళ్లలేదనుకుంటాను. పైగా మూడు కాళ్ల స్టాండుకు కడ్డీ ఏదో ఒక కాలికి సరిగ్గా పైన ఉండాలి. నేను రెండు కాళ్ల మధ్యకు తిప్పాను, చూడ్డానికి బాగుంటుందని.

టేబుల్‌కు బిగించే చెయ్యి కూడా ప్రయత్నించాను. అది ఒంగలేదు గానీ, టేబుల్ మీద ఏం జరిగినా మైకు చెవిన వేసేది. శివశంకరిలో ఆలాపన వెనకాల మా అబ్బాయి లెక్కల పుస్తకంలో రబ్బరుతో చెరపడం స్పష్టంగా వినిపిస్తుంది.

స్టూడియోల్లో స్టాండు కాళ్ల మీద ఇసుక సంచులు వేస్తారట. ఒమాన్‌లో ఇసుకకు కరువేమిటి అంటారేమో. ఏడాది పొడుగునా దాన్ని ఊడ్చి బయటపోసే ఇల్లాలి ముందు సంచి నిండా ఇసుక మోసుకురావడానికి ఎవరికైనా గుండె ధైర్యం కావాలి. అందుకని పాత స్టాండుకే వెనక కాలి మీద సోనామసూరి బస్తా పెట్టాను. అద్భుతంగా నిలబడింది. కానీ మా ఆవిడ రోజూ అందులోంచే అత్తెసరుకు బియ్యం తీస్తుందని తట్టలేదు. బియ్యం తగ్గినకొద్దీ మైకు ముందుకు ఒరుగుతూ వచ్చింది. చుట్టాలు భోజనానికొచ్చిన శుక్రవారం పూర్తిగా బోర్లా పడింది.

ఇక తప్పదని కొత్త స్టాండు కోసం రూవీ బజారుకు వెళ్లాను. కింద గుండ్రటి పోత ఇనుప దిమ్మ, మర బిగించే చోట ప్లాస్టిక్ బదులు లోహం. ఎత్తి చూస్తే భుజం కలుక్కుమంది. అప్పుడు నమ్మకం కుదిరింది. స్టాండు మర ఒక కొలత, నా మైకు మర ఇంకో కొలత. ఒకటి అంగుళంలో ఎనిమిదింట ఐదు వంతులు, ఇంకోటి ఎనిమిదింట మూడు వంతులు. మధ్యలో వేసే ఇత్తడి రింగు దుకాణంలోని మలయాళీ పెద్దాయన ఊరికే ఇచ్చాడు. “పాడేదెవరు?” అని హిందీలో అడిగాడు. నేనే అన్నాను. ఆయన ఇంకోసారి ఆ దిమ్మ వైపు చూసి, బిల్లు రాశాడు. 18 రియాళ్లు. రియాల్‌కు 200 రూపాయల పైమాట. మా ఆవిడ నోరు విప్పలేదు గానీ, గుణకారం జరుగుతున్నట్టు ముఖంలో కనిపించింది.

స్టాండు కదల్లేదు. టైల్స్ గది మోగకుండా బట్టల బీరువా తలుపులు బార్లా తెరిచి, చీరలకు ఎదురుగా నిలబడి మొత్తం పాట పాడాను. తర్వాత అందరం కూర్చుని విన్నాం. కీచుమనలేదు, ఒరగలేదు, రబ్బరు చప్పుడు లేదు. నా గొంతు, వెనకాల సన్నగా ఏసీ, అంతే.

“ఏసీ మాత్రం ఎక్కడా శ్రుతి తప్పలేదండీ” అంది మా ఆవిడ.

అసలు గోలంతా ఆ ఏసీదేనని నాకు అప్పుడర్థమైంది. చప్పుడు చేయని రకం ఎంత ఉంటుందో వాకబు చేస్తున్నాను.