మార్జాలరావు గారి షుగర్ లెక్కలు

అమెరికాలో తెలుగువాళ్లు నలుగురున్న ఏ ఊళ్లోనైనా ఒక మార్జాలరావు గారు తగులుతారు. అసలు పేరు ఏదైనా కావచ్చు, లక్షణాలు మాత్రం మారవు. యాభై దాటిన వయసు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, డాలస్ పక్కన ఫ్రిస్కోలోనో న్యూజెర్సీలో ఎడిసన్ దగ్గరో సొంత ఇల్లు, కాలేజీకి వెళ్లిపోయిన కూతురు, ఆ కూతురు వదిలి వెళ్లిన పిల్లి. పిల్లికి షుగర్. ఆయనకీ షుగరే గానీ, అది చెప్పుకోదగ్గ విషయం కాదని ఆయన అభిప్రాయం.

అసలీ పిల్లి గడప తొక్కడానికి వీల్లేదని అప్పట్లో భీష్మించుకు కూర్చున్నది ఆయనే. కూతురు అన్నం మానేసి గెలిచింది. నారింజ రంగులో ఉందని జింజర్ అని పేరు పెట్టుకుంది. ఆయన తల్లీ భార్యా కలిసి దాన్ని అల్లంగాడు చేసేశారు. కూతురు చదువుకి ఆస్టిన్ వెళ్లాక అల్లంగాడు మార్జాలరావు గారి ఒళ్లో స్థిరపడ్డాడు. కూతురు ఫోన్ చేసి "నాన్నా, ఎలా ఉన్నారు?" అంటే ఆయన పిల్లి గురించే చెబుతారు. కూతురు అడిగిందీ పిల్లి గురించే.

అల్లంగాడు తెగ నీళ్లు తాగుతున్నాడనీ, ఎంత తిన్నా చిక్కిపోతున్నాడనీ, మట్టి డబ్బాలో ఉండల సైజు పెరిగిందనీ మొదట కనిపెట్టింది ఆయనే. వెనక కాళ్లు మడమల దాకా నేలకి ఆనించి నడుస్తుంటే కంగారుపడి డాక్టరమ్మ దగ్గరికి ఎత్తుకెళ్లారు. "బొద్దుగా ఉన్న మగపిల్లులకి, అందులోనూ ఆపరేషన్ అయి, ఇల్లు కదలకుండా ఉండేవాటికి ఇది ఎక్కువ" అందావిడ.

"కదలకుండా కూర్చుని, వేళకి తిని, పొట్ట పెంచేవాళ్లకన్నమాట" అని మార్జాలరావు గారు పిల్లి వంక జాలిగా చూశారు. భార్య ఆయన వంక చూసింది.

పిల్లులు ఆస్పత్రి వాసనకే బెదిరిపోతాయి, ఆ బెదురుకే రక్తంలో షుగర్ 300 దాటినా దాటుతుంది. అందుకని ఒక్క అంకె చూసి తేల్చెయ్యకుండా ఫ్రక్టోసమీన్ అనే మరో పరీక్ష చేస్తారు. గడిచిన రెండు మూడు వారాల వైనం అందులో బయటపడుతుంది. ఇది వినగానే ఆయన ముఖం వెలిగింది. "చూశావా, నాక్కూడా డాక్టర్ని చూస్తేనే పెరుగుతుంది!" అన్నారు. మూడు నెలల చరిత్ర చెప్పే ఏవన్‌సీ అనే పరీక్ష మనుషులకీ ఉందనీ, అందులో ఆయనకి 8.6 వచ్చిందనీ భార్య గుర్తుచేసింది. ల్యాబ్‌వాళ్ల మీద తనకి నమ్మకం లేదన్నారు.

ఆనాటినుంచి ఇంటి గడియారం అల్లంగాడి చేతిలోకి పోయింది. పొద్దున ఏడింటికొకటి, రాత్రి ఏడింటికొకటి, ఇన్సులిన్ సూది. దీపావళి పాట్‌లక్‌లో వేడివేడి బూరెలు వస్తున్న సమయానికి ఆయన లేచి నిలబడతారు. "మావాడికి ఇంజెక్షన్ టైమైంది" అంటారు. కొత్తవాళ్లు పాపం, ఇండియానుంచి వచ్చిన పెద్దాయన ఎవరో మంచాన ఉన్నారనుకుని, ఎన్నేళ్లని అడుగుతారు. "పదకొండు" అంటారు. ఆ మాటకి ఆడవాళ్లు కళ్లొత్తుకుంటారు. లేచేముందు మాత్రం రెండు బూరెలు కాగితం రుమాలులో చుట్టుకుంటారు, దారికి.

మార్చిలో రెండో ఆదివారం గడియారాలు గంట ముందుకి, నవంబరు మొదటి ఆదివారం గంట వెనక్కి. ఈ దేశంలో ఇదొక తద్దినం. ప్రభుత్వం ఎవరిని అడిగి ఈ పని చేస్తోందని ఆయన బాధ. వారం ముందునుంచే రోజుకి పది నిమిషాల చొప్పున సూది వేళ జరుపుతారు. అరిజోనాలో దాదాపు ఎక్కడా ఈ గడియారాల గొడవ లేదని తెలిసి, ఫీనిక్స్‌లో ఇళ్ల ధరలు కూడా వాకబు చేశారు.

ఇక సిరంజిల మీద ఆయన ఉపన్యాసం వినకుండా ఆ ఇంట్లో కాఫీ దొరకదు. పిల్లుల కోసం ఎఫ్‌డీఏ 2009లో ఒప్పుకున్న ఇన్సులిన్ ప్రోజింక్‌లో మిల్లీలీటరుకి 40 యూనిట్లు. మనుషుల మందుల షాపులో దొరికే మామూలు గ్లార్జీన్‌లో 100. దేని సిరంజి దానికే. నలభై మందుని వంద సిరంజిలో ఒక యూనిట్ గీత దాకా లాగితే ఒంట్లోకి వెళ్లేది 0.4 యూనిట్. తిరగేసి చేస్తే రెండున్నర రెట్లు వెళుతుంది, పిల్లి ప్రాణాలమీదికొస్తుంది. అల్లంగాడికి పడేది ఒక్క యూనిట్. "ఒక్క యూనిట్ అంటే ఆవగింజంత కూడా కాదండీ, అందుకే చెయ్యి వణక్కూడదు" అంటూ కాఫీలో మూడో చెంచా పంచదార కలుపుకుంటారు.

ఫ్రిజ్ తలుపు మీద తెల్ల బోర్డు. సూది వేసినవాళ్లు టైము రాసి సంతకం పెట్టాలి. ఆయన ఒకసారి, ఆవిడ తెలియక మరోసారి వేస్తే ముప్పు. మందు ఒంట్లోకి వెళ్లిందో బొచ్చులోనే కారిపోయిందో అనుమానం వచ్చినా రెండోసారి వెయ్యకూడదు. పిల్లి తిండి ముట్టకపోతే వెయ్యకుండా ముందు డాక్టరమ్మకి ఫోన్ చెయ్యాలి. షుగర్ మరీ పడిపోయి తూలితే చిగుళ్లకి కార్న్ సిరప్ రాసి ఆస్పత్రికి పరుగెత్తాలి. ఇవన్నీ ఆయనకి కంఠతా వచ్చు. పొద్దున తను వేసుకోవలసిన మాత్ర ఏ రంగుదో మాత్రం గుర్తులేదు.

తెనాలినుంచి మళ్లీ ఆర్నెల్ల మకాంకి వచ్చిన తల్లికి ఈ భోగం మింగుడుపడలేదు. "ఒరేయ్, మన పెరట్లో పిల్లులు ఇంత పెరుగన్నం తిని పదేళ్లు బతికేవిరా!" అంది. పిల్లి పుట్టుకతోనే మాంసాహారి అనీ, షుగర్ ఉన్న పిల్లికి అన్నం, పాలు, పప్పుబిళ్లల్లాంటి పొడి మేత కలిసిరావనీ, మాంసకృత్తులు ఎక్కువగా పిండిపదార్థం తక్కువగా ఉండే డబ్బా మేతే పెట్టాలనీ ఆయన వివరించారు. ఉల్లిపాయ కూడా అడుగుపెట్టని ఆ వంటింట్లో, గోంగూర పచ్చడికీ పెరుగ్గిన్నెకీ మధ్య ఇప్పుడు కోడిమాంసం డబ్బా ఉంటోంది. "పిండిపదార్థమే విషమమ్మా" అన్నారు, రెండోసారి పులిహోర వడ్డించుకుంటూ.

శనివారాలు ఆయన ఎవరికీ దొరకరు. సూది వేసిన దగ్గర్నుంచి మళ్లీ సూది దాకా రెండు గంటలకోసారి రక్తం చూసి గీత గియ్యాలి. వెచ్చని తడిగుడ్డ చెవికి ఆనించి, అంచున సన్నగా పొడిచి, చీమ తలకాయంత చుక్క మీటర్‌కి అందిస్తారు. మీటర్ కూడా జంతువుల కోసం చేసిందే. మనుషుల మీటర్ పిల్లి షుగర్‌ని తరచు తక్కువ చేసి చూపిస్తుందట. గీతలో అట్టడుగు సంఖ్య 80కీ 150కీ నడుమ ఉంటే మోతాదు కుదిరినట్టు. ఒక్క అంకె ఎక్కువొచ్చిందని మోతాదు పెంచరు, ఒక్క అంకె బాగుందని సంబరపడరు. ఎక్సెల్‌లో రంగురంగుల గడులు. ఆఫీసు ప్రాజెక్టు కూడా ఇంత శ్రద్ధగా నడిపి ఉంటే ఎప్పుడో డైరెక్టర్ అయ్యేవారని సహోద్యోగుల మాట. ఆయన సొంత మీటర్ మాత్రం సీలు విప్పని పెట్టెలోనే ఉంది.

కొత్త మందులొచ్చాయని విని ఆయన ఆశపడ్డారు. 2022 డిసెంబరులో బెక్సాక్యాట్ మాత్ర, 2023 ఆగస్టులో సెన్వెల్గో ద్రవం, రెంటికీ ఎఫ్‌డీఏ ఆమోదం వచ్చింది. రోజుకోసారి నోట్లో వేస్తే చాలు, సూదులుండవు. కానీ ముందునుంచీ ఇన్సులిన్ మీదున్న పిల్లులకి అవి పనికిరావు. ఆయన దిగులుపడుతుంటే డాక్టరమ్మ ఊరడింపుగా, ఆ జాతి మందులు మనుషులకి ఎప్పట్నుంచో ఉన్నాయి, మూత్రంలోంచి చక్కెరని బయటికి పంపిస్తాయి అని చెప్పింది. ఇంటికొచ్చి భార్య మందుల సొరుగు తీసి చూస్తే, ఆయన డాక్టరు రాసిచ్చిన మాత్ర ఆ కుటుంబానిదే. సీసా నిండుగా ఉంది.

అయిదో నెలలో అల్లంగాడి అంకెలు దిగడం మొదలుపెట్టాయి. షుగర్‌ని తొందరగా పట్టుకుని, ఇన్సులిన్‌తో అదుపు చేసి, తిండి మారిస్తే కొన్ని పిల్లులకి సూది అవసరమే తీరిపోతుంది. అల్లంగాడికి తీరిపోయింది. మళ్లీ తిరగబెట్టవచ్చు కాబట్టి చెవి మాత్రం అప్పుడప్పుడు అప్పగించాలి. మార్జాలరావు గారు ఊరంతా ఫోన్లు చేసి చెప్పారు, మైసూర్‌పాక్ పంచారు, పంచగా మిగిలింది తనే తిన్నారు.

వైద్యుల లెక్కలో ఈ వరం మనుషులకీ ఉంది. మందులు మానేసిన మూడు నెలల తర్వాత కూడా ఏవన్‌సీ 6.5కి లోపలే ఉంటే దాన్ని ఉపశమనంగానే లెక్కవేస్తారు. అందరికీ రాదు, డాక్టరు చెప్పకుండా మాత్ర మానకూడదు. కానీ బరువు తగ్గినవాళ్లలో కొందరికి వస్తోంది. అల్లంగాడికి నయం కావడంలో గొప్ప రహస్యమేమీ లేదు. వాడి తిండి వాడి చేతిలో లేదు, వాడి సాకులు ఎవరూ వినలేదు, లెక్క రాసే మనిషి ఒకడు ఇంట్లో ఉన్నాడు.

మార్జాలరావు గారికి కొరవడింది ఆ మూడే. మీ ఇంట్లో కూడా ఇలాంటి ఆయన ఉంటే బతిమాలడాలు, దెబ్బలాటలు కట్టిపెట్టండమ్మా. ఫ్రిజ్ మీది బోర్డులో పిల్లి పేరు కింద ఆయన పేరు రాసి, ఆ మైసూర్‌పాక్ డబ్బా పక్కింటికి పంపించి, పొద్దున ఏడింటికి చెవి పట్టుకోండి.