కరిగినకొద్దీ పెరుగు బంగారము

ప్రొద్దుటూరి బంగారు అంగళ్ల వీధిలో, ఒక మూలనున్న చిన్న కొట్టులో, మోకాళ్లు ముడుచుకొని కుంపటి ముందర కూర్చుండి, నలుబది యేండ్లుగా ఇతరుల సొమ్ములను కరగించుచు, వానితోపాటు తన కంటిచూపును గూడ కొంచెము కొంచెముగా కరగించుకొనుచున్న వృద్ధుడొకడు నాకు చిరపరిచితుడు. ఆయనను వీధిలో అందరును ఆచారి యనియే పిలుతురు. ఆచారికి రాజకీయములు తెలియవు. కాని రాజకీయములకు కావలసిన సిద్ధాంతమంతయు ఆయనకు తెలియును. "సొమ్ము మారుతాది సామీ, బంగారం మారదు. కాసులపేరు కరగబోస్తే వడ్డాణం, వడ్డాణం కరగబోస్తే గాజులు. మారినప్పుడంతా తరుగూ మజూరీ మాత్రం మీవి" అని ఆయన అడిగినవారికిని, అడుగనివారికిని చెప్పుచుండును.

ఈ వాక్యమును నేను చిరకాలము స్వర్ణకార శాస్త్రమునకు సంబంధించినదిగానే భావించితిని. ప్రొద్దుటూరినుండి బస్సెక్కిన గంటలోపల చేరగల జమ్మలమడుగు శాసనసభ నియోజకవర్గ చరిత్రను ఇటీవల తీరికగా తిరుగవేసిన పిమ్మటగాని, ఇది రాజనీతి శాస్త్రమని నాకు స్ఫురింపలేదు.

ఆ చరిత్రలో బంగారము ఇండ్లు, సొమ్ములు పార్టీలు. ఒకటి గుండ్లకుంట వారి ఇల్లు, రెండవది దేవగుడి వారి ఇల్లు. మొదటి ఇంటినుండి పొన్నపురెడ్డి శివారెడ్డి తెలుగుదేశము పక్షమున 1983, 1985, 1989 సంవత్సరములలో వరుసగా మూడుమార్లు ఎన్నికై, మంత్రియై, 1993లో హత్యకు గురికాగా, ఆయన సోదరుని కుమారుడు రామసుబ్బారెడ్డి అదే పక్షమున 1994లోను 1999లోను గెలిచెను. రెండవ ఇంటినుండి చదిపిరాళ్ల ఆదినారాయణరెడ్డి కాంగ్రెసు పక్షమున 2004లో ఆ కోటను పడగొట్టి, 2009లో మరల నిలుపుకొనెను. ఇంతవరకు కథ తెలుగు సినిమాకు సరిపడునంత సరళముగా నున్నది: ఒక వైపు పసుపు, ఒక వైపు మూడు రంగులు, నడుమ పెన్న.

2014 నాటికి రాష్ట్ర విభజన నిశ్చయమై, కాంగ్రెసు పార్టీకి ఈ వైపున నిలువనీడ లేకపోయెను. ఆదినారాయణరెడ్డి వై.ఎస్.ఆర్. కాంగ్రెసు అభ్యర్థిగా నిలిచి, యథాప్రకారముగా రామసుబ్బారెడ్డినే ఓడించి, 12,000 పైచిలుకు ఆధిక్యముతో మూడవమారు శాసనసభ ప్రవేశించెను. ఓటరునకు ఇందు క్రొత్త విషయమేమియు గోచరింపలేదు. ఎదురెదురుగా నిలుచున్నవారు ఆ ఇద్దరే. గుర్తు మాత్రము చేయి పోయి ఫ్యాను వచ్చినది. ఎండలు మండు కడప జిల్లాలో ఫ్యానునకు ఎవరు అభ్యంతరము చెప్పుదురు?

ఇచట శాసనసభ సంప్రదాయజ్ఞులను ఒక్క నిమిషము కన్నులు మూసికొనుమని ప్రార్థించుచున్నాను. 2016 ఫిబ్రవరిలో ఆదినారాయణరెడ్డి తెలుగుదేశము పార్టీలో చేరెను. అనగా ముప్పదిమూడేండ్లుగా గుండ్లకుంట వారు కాపురముండిన ఇంటిలోనికి దేవగుడి వారు సపరివారముగా గృహప్రవేశము చేసిరి. రామసుబ్బారెడ్డి మొదట గుమ్మములో నిలిచి అభ్యంతరము చెప్పెను. ఆ మీదట ఆయనకు శాసనమండలి సభ్యత్వము లభించినందున ఇంటిలో గదులు చాలునని తేలెను. 2017 ఏప్రిలులో ఆదినారాయణరెడ్డి మంత్రియయ్యెను. ఆనాడు ఆయనతోపాటు ప్రమాణము చేసినవారిలో మరి మువ్వురు గూడ అదే ఫ్యాను గుర్తుపై గెలిచినవారే. సభాపతి అనర్హత పిటిషనులపై ఏ నిర్ణయమును చేయకుండుటచే, శాసనసభ పట్టికలో వీరు ప్రతిపక్ష సభ్యులు, సచివాలయపు పట్టికలో ప్రభుత్వ మంత్రులు. ప్రశ్నవేయు పక్షమును జవాబు చెప్పు పక్షమును ఒక్క దేహముననే సమావేశపరచిన ఈ అద్వైతమును శంకరులవారు చూచియుండినచో భాష్యమునకు మరియొక అధ్యాయము చేర్చియుండెడివారు.

అసలైన ప్రతిపక్షము దీనిని సహింపక, 2017 నవంబరునుండి శాసనసభకు పోవుట మానుకొనెను. దాని నాయకుడు జగన్మోహనరెడ్డి ఇడుపులపాయలో బయలుదేరి ఇచ్ఛాపురము వరకు నడచెను. సభలో సత్యము దొరకదని తేలిన పిమ్మట రోడ్డుపై వెదకుట న్యాయమే.

పార్టీ ఫిరాయింపులను నిషేధించు చట్టము లేకపోలేదు. హర్యానాలో గయాలాల్ అను శాసనసభ్యుడు 1967లో ఒక పక్షము దినములలోనే మూడుమారులు పార్టీ మార్చి దేశమునకొక సామెతను ప్రసాదింపగా, పదునెనిమిదేండ్లు ఆలోచించి 1985లో పార్లమెంటు రాజ్యాంగమునకు పదవ షెడ్యూలును జోడించెను. అందు మూడింట ఒక వంతు మంది కలిసి చీలినచో దోషము లేదని వ్రాసిరి. ఒంటరిగా దూకుట పాపము, గుంపుగా దూకుట పుణ్యమని అర్థము. 2003లో ఆ మినహాయింపును గూడ తొలగించిరి. అయినను తీర్పు చెప్పు అధికారము సభాపతిది. తీర్పు చెప్పుటకు గడువన్నది ఆ షెడ్యూలులో వ్రాయబడలేదు. త్రాసు ఒకరి చేతికిచ్చి, తూచుట ఎప్పుడో వారి ఇష్టమునకు విడిచినచో, మా ఆచారి వీధిలో అట్టివాని అంగడికి ఎవడును పోడు.

2019 ఎన్నికల వేళకు ఒకే ఇంటిలోని ఉభయులకు ఒక రాజీ కుదిరెను: రామసుబ్బారెడ్డి శాసనసభకు, ఆదినారాయణరెడ్డి కడప లోక్‌సభకు. చిరకాల శత్రువులు ఒకరికై యొకరు ఓట్లడిగిరి. ఓటర్లు గూడ పక్షపాతము చూపక ఇద్దరినీ ఓడించిరి. జమ్మలమడుగులో ఫ్యాను గుర్తుపై మూలె సుధీర్‌రెడ్డి యను వైద్యుడు 51,000 పైచిలుకు ఆధిక్యముతో గెలువగా, కడపలో అదే గుర్తుపై నిలిచిన అవినాష్‌రెడ్డి ఆధిక్యము 3,80,000 దాటెను. ఆచారి భాషలో, ఇది తరుగు.

తరువాతి ఏడాదిలోపల జరిగినదానిని వేగముగా చెప్పెదను, ఏలయనగా అది వేగముగానే జరిగినది. 2019 అక్టోబరులో ఆదినారాయణరెడ్డి భారతీయ జనతాపార్టీలో చేరెను. 2020 మార్చిలో రామసుబ్బారెడ్డి వై.ఎస్.ఆర్. కాంగ్రెసులో చేరెను. 2014లో ఏ పార్టీ టికెట్టుపై తన్ను ఓడించిరో ఆ పార్టీలోనికి ఓడినవాడు పోయెను. ఓడించినవాడు అప్పటికే మరి రెండు గడపలు దాటియుండెను. పాపము, ఇద్దరికిని ఆతిథ్యమిచ్చిన తెలుగుదేశము పార్టీ, పెండ్లివారు తరలిపోయిన పందిరివలె మిగిలెను.

నేను వీరిని నిందించుట లేదు. 'అభ్యర్థి' యనగా యాచించువాడని నిఘంటువు చెప్పును. కాని మా సీమలో ఎన్నికలు వచ్చినపుడెల్ల వీరి గడపలో నిలిచి అభ్యర్థించునది పార్టీయే గదా! అందుచేత చట్టము వెదకవలసిన ఫిరాయింపుదారు ఎవరను విషయమున నాకు సందేహము కలదు. వారి ఇండ్లు అచటనే యున్నవి, ఊళ్లు అచటనే యున్నవి, వెంటనడచువారు వారే. వరుసగా వచ్చి పోవుచున్నవి జెండాలు.

పులివెందుల పద్ధతి వేరు. అచట సొమ్మును కరగింపరు. పెట్టెలో పెట్టి తాళము వేయుదురు. 1978 మొదలు నేటివరకు ఆ స్థానమున శాసనసభ్యుని ఇంటిపేరు మారలేదు. వై.ఎస్. రాజశేఖరరెడ్డి ఆరుమారులు గెలిచెను, ఒక్కమారు ఓడలేదు. ఆయన సైతము 1978లో గెలిచినది రెడ్డి కాంగ్రెసు టికెట్టుపై. ఇందిరా కాంగ్రెసులోనికి వచ్చి 1980లో మంత్రియైనది ఆ పిదప. అనగా పులివెందులలో గూడ కుంపటి ఒక్కసారి రాజినది. అటుపిమ్మట ఆ ఇల్లు పార్టీలు మారు ప్రయాస మానుకొని, 2011లో పార్టీనే స్వంతముగా పోత పోసికొనెను. ఆ సంవత్సరము జరిగిన ఉపఎన్నికలో వదినగారు విజయమ్మ ఒకవైపు, కాంగ్రెసు మంత్రిగానున్న మరది వివేకానందరెడ్డి మరియొకవైపు నిలువగా, పులివెందుల ప్రజలకు ఎవరు గెలిచినను ఇంటిపేరు దక్కునను నిశ్చింత కలిగెను.

ప్రొద్దుటూరు మా ఊరు గనుక క్లుప్తముగా చెప్పెదను. ఈ పట్టణము 1983లో ఎం.వి. రమణారెడ్డి యను వైద్యుని, రచయితను శాసనసభకు పంపి, రచయితలను పంపు ఆ పొరబాటును మరల చేయలేదు. 1985నుండి 2004వరకు నంద్యాల వరదరాజులరెడ్డి వరుసగా ఐదు పర్యాయములు గెలిచి, 2009లోను 2014లోను ఓడి, ఎనిమిది పదులు దాటిన వయస్సున 2024లో తెలుగుదేశము పక్షమున మరల వచ్చెను. పెన్న ఒడ్డున నివసించువారికి పోయిన వరద మరల వచ్చుట వింత కాదు.

ఇక జమ్మలమడుగు ఓటరునకు ఇన్ని కరగింపులలో దక్కినదేమని అడుగువారికి, శంకుస్థాపన శిలలని నా ప్రత్యుత్తరము. ఉక్కు కర్మాగారమునకై ఈ నియోజకవర్గమున 2007లో రాజశేఖరరెడ్డి ఒకటి, 2018 డిసెంబరులో చంద్రబాబునాయుడు కంబాలదిన్నెలో ఒకటి, ఇంచుమించు సంవత్సరమునకు జగన్మోహనరెడ్డి సున్నపురాళ్లపల్లెలో ఒకటి వేసిరి. అది చాలదని 2023 ఫిబ్రవరిలో అదే సున్నపురాళ్లపల్లెలో మరల పూజ జరిపిరి. మొదటి రాయి నాటికి ఆదినారాయణరెడ్డి కాంగ్రెసు శాసనసభ్యుడు, రెండవదాని నాటికి తెలుగుదేశము మంత్రి, మూడవదాని నాటికి కమలము చేతబట్టినవాడు. గండికోట లోయను జూచి రాళ్లకు కొదవలేని తావని విదేశీయులు గూడ మెచ్చుకొందురు. రాళ్లను దిగుమతి చేసికొనుచున్నది మనమొక్కరమే.

2024లో ఆదినారాయణరెడ్డి కమలము గుర్తుపై జమ్మలమడుగున నిలిచెను. ఆయన అన్న కుమారుడు భూపేష్‌రెడ్డి సైకిలు గుర్తుపై కడప లోక్‌సభకు నిలిచెను. ఒకే ఇంటికి రెండు కండువాలు. ఓటరు ఒకే గదిలో ఒక మీటనొక్కి కమలమును, రెండవ మీటనొక్కి సైకిలును ఆ ఇంటికే సమర్పింపవలసి వచ్చెను. అన్న కుమారుడు ఓడెను, పినతండ్రి గెలిచెను. ఆధిక్యము 17,000 పైచిలుకు.

ఈ సంఖ్యయే నన్ను ఆచారి కొట్టునకు మరల తీసికొనిపోయినది. 2014లో 12,000, నడుమ ఇన్నిమారులు కరగించిన పిమ్మట 17,000. "స్వామీ, కరగించినప్పుడెల్ల తరుగు పోవునంటివే, ఇచట తూకము పెరిగినదేమి?" అని అడిగితిని. ఆచారి ఊదుగొట్టము ప్రక్కన పెట్టి, నేనేదో చిన్నపిల్లవాడి ప్రశ్న వేసినట్లు చూచెను.

"కరగబోస్తే బంగారం పెరగదు సామీ. తూకం పెరిగిందంటే రాగి కలిసినట్టే. మూడు పార్టీలూ కూటమి కట్టినారు గదా, ఇంగేముండాది!"

అట్లయిన ఆ ముద్దలో ఏది రాగి, ఏది బంగారమని నేనడిగితిని. ఆచారి నావైపు చూడక, గీటురాయిని గుడ్డలో చుట్టి అరలో పెట్టి, అంగడి కట్టు వేళయైనదని లేచెను.