క్యూసెక్కులు చాలవు

నేను ఢిల్లీలో పాత ఇనుప వంతెన దగ్గర యమున నీటిమట్టం చెప్పే గేజిని. ఈ దేశంలో వరద ముందస్తు అంచనాలు 1958లో నా దగ్గరే మొదలయ్యాయి. భద్రాచలంలో గోదావరికి 43 అడుగులకే తొలి హెచ్చరిక ఇస్తారు; నా లెక్క సముద్రమట్టం నుంచి మీటర్లలో, 205.33 దాటితే ప్రమాదం. వరదొస్తే గంటగంటకూ నా మీది అంకె చూసి రాసుకుంటారు. అయినా ఊరంతా అడిగేది ఒక్కటే: ఎగువన హత్నికుండ్ బ్యారేజీ నుంచి ఎన్ని లక్షల క్యూసెక్కులు వదిలారు? ఆ అంకె ఒక్కదానితో ఇక్కడి మట్టం తేలదు. 2019 ఆగస్టులో 8.28 లక్షలు వదిలితే నా దగ్గర 206.60కు వచ్చి ఆగింది. 2023 జులైలో 3.59 లక్షలకే 208.66కు ఎక్కి, 1978 నాటి 207.49 రికార్డును మీటరుకు పైగా దాటేసింది.

గట్టు పొర్లనంతవరకు యమునది ఒకటే పాయ. పొర్లిందంటే మధ్యలో లోతుగా, వడిగా పారే నీరు ఒకటి, ఖాదర్‌లో, అంటే నది పక్కనున్న వరద మైదానంలో, రెల్లుపొదల మీదుగా, కూరగాయల మళ్ళ మీదుగా పల్చగా సాగే నీరు ఇంకొకటి. రెండూ ఒరుసుకునే అంచున సుడులు లేస్తాయి. పక్కనున్న నిదానపు నీరు మధ్య నీటి వడిని లాగేస్తుంది. మొత్తాన్ని ఒకే కాలువ అనుకుని లెక్కేస్తే, నీరు ఖాదర్‌లోకి అప్పుడే ఎక్కిన దశలో, మట్టం ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. రెండుగా విడదీసి, వాలునూ నేల గరుకుదనాన్నీ బట్టి వడిని లెక్కగట్టే మానింగ్ సూత్రం వేసినా, ఆ అంచున పోయే వడిని కలపకపోతే తక్కువ చూపిస్తుంది. ప్రాణాలకు ముప్పు ఈ రెండో తప్పుతోనే. ఇక ఖాదర్‌ను మెరక చేసినా, పూడిక పేరుకున్నా నీటికి మిగిలే దారి పైకే.

2023లో ఢిల్లీలోనూ కుండపోత కురిసిందని, వరద ఎక్కువసేపు సాగిందని అంటారు. నిజమే, ఆ వాటా ఉంది. దిగువన ఐటీఓ బ్యారేజీ గేట్లు కొన్ని తెరుచుకోలేదనీ అంటారు. అదీ నిజమే, కానీ ఆ మాట నా వాదనకే బలం: మూసుకున్న గేటు వెనక నీరు ఎగదన్నుతుంది, అంటే మట్టాన్ని తేల్చేది వచ్చే నీరు ఒక్కటే కాదు, దానికి అడ్డున్నది కూడా. పాత వరదలతో సరిచూసిన కంప్యూటర్ నమూనాలు ఉన్నాయిగా అనేవాళ్ళకూ ఇదే జవాబు. 1978 నాటి ఖాదర్‌కు సరిపోయిన గరుకుదనపు విలువ, మధ్యలో వంతెనలూ కట్టడాలూ లేచిన నేటి ఖాదర్‌కు సరిపోదు. ఏటా వానలకు ముందు, నీరు సన్నబడ్డప్పుడు, కరకట్ట నుంచి కరకట్ట దాకా క్రాస్ సెక్షన్లు మళ్ళీ కొలవాలి. మధ్య పాయను మాత్రమే కొలిచి వదిలేస్తే, ఖాదర్‌లో పోసిన లారీల మట్టి ఏదీ అంచనాలోకి రాదు. వచ్చేది వరద రోజున, నా అంకెల మీదకే.